స్క్వాట్ బలానికి ఏది: స్మొలోవా, 5/3/1 పద్ధతా?

స్మొలోవ్ అంటే స్క్వాట్ (భుజాలపై బరువుతో కూర్చుని లేవడం) కోసమే చేసే శిక్షణ పద్ధతి. దాని బేస్ (పునాది) దశలో వారానికి నాలుగు రోజులు స్క్వాటే. మ్యాక్స్‌లో (ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో) 70 శాతంతో 4 సెట్లు, సెట్‌కు తొమ్మిదేసి రెప్స్ (సార్లు), 75తో 5 సెట్లు ఏడేసి, 80తో 7 సెట్లు అయిదేసి, 85తో 10 సెట్లు మూడేసి. వెరసి 136 రెప్స్! అన్నిసార్లు చేస్తే కదలిక ఒంటికి పట్టేస్తుంది, బలం త్వరగా వస్తుంది. కానీ అలసట ఆ బలాన్ని కప్పేస్తుంది. కొన్నాళ్లు తేలిగ్గా చేశాకే మ్యాక్స్ పరీక్షించాలి. మోకాళ్లకూ నడుముకూ ఇది పెద్ద భారమే.

5/3/1లో ఒక్కో లిఫ్ట్‌కి (స్క్వాట్ లాంటి బరువులెత్తే వ్యాయామానికి) వారానికి మూడే ప్రధాన సెట్లు. పెరుగుదల నెమ్మది, కానీ నెలల తరబడి సాగుతుంది.

కొత్తవాళ్లకు, నిద్ర చాలనివాళ్లకు స్మొలోవ్ వద్దంటాను. అనుభవం ఉండి, పోటీలు దూరంగా ఉండి, స్క్వాట్ ఒక్కటే మొండికేస్తే మాత్రం దానికే నా ఓటు.