మనీ క్లాసుకా, వడ్డీ బాకీకా? చేతిలో పదిహేను వేలుంటే ఏది మేలు

విజయవాడ గవర్నర్‌పేటలో అకౌంట్లు రాసే ఆఫీసు నాది. 11, 20 తారీఖులు దగ్గర పడుతున్నాయంటే జీఎస్టీ రిటర్నుల కోసం వన్‌టౌన్ నుంచి, ఆటోనగర్ నుంచి బిల్లులు పట్టుకుని వస్తారు. ఈమధ్య వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సార్, మనీ మైండ్‌సెట్ వర్క్‌షాప్ అంట. రెండు రోజులు, పదిహేను వేలు. వెళ్లమంటారా?" బట్టల కొట్టు వాళ్లు అడిగారు, మెకానిక్ షెడ్ల వాళ్లు అడిగారు. గుంటూరు నుంచి వచ్చే మిర్చి కమీషన్ వ్యాపారి వాళ్ల అబ్బాయి కోసం అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా రాసి పెట్టడం నయం.

ఈ వర్క్‌షాపుల్లో చెప్పేది ఆకర్షణ సిద్ధాంతం: దేన్నైనా గట్టిగా కోరుకుని, వచ్చేసినట్టే ఊహించుకుంటే విశ్వమే దాన్ని తెచ్చిస్తుందని. మళ్లీ మొదటినుంచి చెప్పను, రీల్స్ చూసేవాళ్లందరికీ తెలిసిందే. మనవాళ్లు దానికి "యద్భావం తద్భవతి" అని తగిలించి మన సొమ్మే అన్నట్టు చెబుతారు గానీ, ఇప్పుడు హాళ్లలో అమ్ముడుపోయే సరుకు అమెరికాది. 1910లోనే అక్కడ పుస్తకంగా వచ్చింది. 1930ల మాంద్యంలో మళ్లీ వచ్చింది, 2006లో సినిమాగా వచ్చింది. ఇప్పుడు బెంజిసర్కిల్ దగ్గర ఫ్లెక్సీ మీద కనిపిస్తోంది. అది నిజమా అబద్ధమా అని వాదించే ఓపిక నాకు లేదు. నా ముందున్న ప్రశ్న చిన్నది. పదిహేను వేలున్నాయి. అవి క్లాసుకి పోవాలా, ఇంకెక్కడికైనా పోవాలా?

క్లాసులో దొరికేది

ముందు వాట్సాప్‌లో ఫ్రీ గ్రూపు. తర్వాత ఆదివారం పొద్దున 99 రూపాయల ఆన్‌లైన్ క్లాసు. అందులో చివరి గంటంతా పెద్ద క్లాసు గురించే: అసలు ఫీజు యాభై వేలట, ఈ రాత్రి పన్నెండులోపు కడితే పదిహేనేనట. అది కట్టి హాల్లో కూర్చున్నవాళ్లకి రెండో రోజు సాయంత్రం ఇంకో ప్యాకేజీ చూపిస్తారు. అది లక్షల్లో ఉంటుంది, కార్డు మీద ఈఎంఐ పెట్టించడానికి పక్కనే టేబుల్ ఉంటుంది. మధ్యలో పాటలు, గంతులు, కళ్లు మూసుకుని ఏడవడం, మన పేరు మీద మనమే కోటి రూపాయల చెక్కు రాసుకోవడం. ఇంటికి హోంవర్కు కూడా ఉంటుంది. పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు కోరిక రాయాలి. బిర్యానీ ఆకు మీద అంకె వేసి కాల్చాలి. ఒకటో తారీఖున గుమ్మంలో దాల్చినచెక్క పొడి ఊదాలి. ఇప్పుడున్న ధరకి దాల్చినచెక్క ఊదేవాడికి డబ్బు కొరత లేనట్టే.

కొన్ని క్యాంపుల్లో నిప్పుల మీద నడిపిస్తారు. మనసు మారితే నిప్పు కూడా కాలదని చూపించడానికట. మిగతా ఊళ్ల సంగతేమో గానీ బెజవాడవాళ్లు దీనికి పడిపోకూడదు. నాస్తికవాది గోరాగారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకి తెచ్చిన నాస్తిక కేంద్రం వాళ్లు ఏ మంత్రమూ, ఏ ఉపవాసమూ లేకుండా మామూలు మనుషుల్ని నిప్పుల మీద నడిపించి చూపించారు. బొగ్గు మీద బూడిద పొర ఉంటుంది, బొగ్గు తన వేడిని పాదానికి అంత త్వరగా ఇవ్వదు, అడుగు దాని మీద ఆనేది క్షణం సేపు. ఆగకుండా నడిచేస్తే నమ్మకం ఉన్నవాడి కాలూ కాలదు, లేనివాడి కాలూ కాలదు. నిలబడితే ఇద్దరికీ కాలుతుంది.

మంచి అస్సలు లేదంటే అన్యాయం. ఆటోనగర్లో ఒకతను ఏళ్ల తరబడి అడగలేకపోయిన పాత బాకీని క్లాసు నుంచి వచ్చిన వారంలోనే వెళ్లి అడిగాడు, సగం వసూలైంది కూడా. అడిగింది అతను, విశ్వం కాదు. అయినా ఆ తెగువ క్లాసులోనే వచ్చిందని అతనంటే కాదనను. కొట్లో ఒంటరిగా కూర్చుని కుమిలిపోయే మనిషికి రెండు రోజులు పదిమందిలో ఉండటం కూడా ఊరికే పోదు.

లెక్క చూసుకోనిస్తుందా?

నా మటుకు తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే. ఏ పద్ధతైనా సరే, మీ లెక్క మిమ్మల్ని చూసుకోనిస్తుందా, చూడొద్దంటుందా?

ఆమధ్య ఒక కస్టమర్ బిల్లుల సంచిలో క్లాసు వర్క్‌బుక్ కలిసి వచ్చేసింది. గ్లేజు కాగితం, బంగారు రంగు అట్ట. "నా ఆదాయం" అన్న పేజీ నిండా రాశాడు: నెలకి పది లక్షలు, గొల్లపూడిలో స్థలం, కారు, కారు రంగుతో సహా. ఎదురు పేజీ పేరు "నా అప్పులు". దాని కింద అచ్చు వేసిన వాక్యం ఒకటే: "నేను అప్పుల నుంచి విముక్తుణ్ణి, ధన్యవాదాలు." అదే వాక్యాన్ని కింద మళ్లీ మళ్లీ రాయడానికి గీతలు గీసి ఉన్నాయి. ఎవరికి, ఎంత, ఎంత వడ్డీకి, ఎప్పటికి అని రాయడానికి ఆ పేజీలో చోటే లేదు. అతని అప్పులు నాకు తెలుసు. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్టు అప్పు) కాక, బయట మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలున్నాయి. పుస్తకం తిరిగిచ్చి ఆ రెండు లక్షల సంగతి ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సార్. అప్పు గురించి మాట్లాడితే అప్పే పెరుగుతుందన్నారు."

రెండు లక్షల మీద మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 6,000, ఏడాదికి 72,000. మాట్లాడినా అంతే, మాట్లాడకపోయినా అంతే. 2015 చివర్లో కాల్‌మనీ గొడవ, అంటే విపరీతమైన వడ్డీకి అప్పులిచ్చి వేధించిన వ్యవహారం, బయటపడి ఈ ఊరి పేరు రాష్ట్రమంతా మోగింది కదా. అలాంటి వడ్డీలకి తెచ్చుకునేవాళ్లని నేను చూసినంతలో నిరాశతో తెచ్చుకున్నవాళ్లు తక్కువ. వచ్చే నెల సర్దేస్తాంలే అన్న ధీమాతోనే తెచ్చుకుంటారు. ఆ ధీమాని ఇంకాస్త పెంచే క్లాసు వాళ్లకి ఎందుకు?

దీనికే అంటిపెట్టుకుని ఇంకో చిక్కు ఉంది. డబ్బు రాకపోతే తప్పెవరిది? క్లాసువాళ్ల జవాబు ఎప్పుడూ ఒకటే: మీ మనసులో ఎక్కడో అనుమానం మిగిలి ఉంది, అది పోవాలంటే పై కోర్సు చేయాలి. జాకెట్టు పాడుచేసిన టైలరు "తేడా జాకెట్టులో లేదమ్మా, మీ ఒంట్లో ఉంది" అంటే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం ఊరుకుంటున్నాం, పైగా రెండో జాకెట్టుకి డబ్బు కడుతున్నాం.

మిర్చి వ్యాపారి సంగతి చెప్పాలి. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకుని ధర వస్తుందని చూడటం గుంటూరుకి కొత్త కాదు. క్వింటాలు 20 వేలు దాటిన రోజులు చూసినవాళ్లే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సినంతగా ధర పడిపోవడం కూడా చూశారు. పంట ఎంత వచ్చింది, స్టోరేజీల్లో పాత నిల్వ ఎంతుంది, చైనా ఎంత కొంటోంది, ధర వీటి వెంట నడుస్తుంది. ఈయన అద్దె, వడ్డీ కాగితం మీద వేసుకుని, ఫలానా ధర కిందికి వస్తే ఇక ఆగకుండా అమ్మేస్తానని ముందే రాసుకున్నారు. అమ్మేశారు కూడా. "ఆయన మరీ నెగెటివండీ" అన్నారు యార్డులో పక్కవాళ్లు.

పరీక్షించి చూసినవాళ్లున్నారు

గాబ్రియేల్ ఎటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సహ పరిశోధకురాలితో కలిసి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఉద్యోగం వెతుక్కుంటున్న డిగ్రీ విద్యార్థులను రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు ఎక్కువగా ఊహించుకుంటూ గడిపినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, తక్కువ ఆఫర్లు తెచ్చుకున్నారు, జీతమూ తక్కువే. ఒక మెలిక ఉంది. తమ సత్తా చూసుకుని "నాకు వస్తుంది" అని అంచనా వేసుకున్నవాళ్లు బాగానే నెగ్గారు. అంటే ఆశ చెడ్డది కాదు, వచ్చేసిందన్న ఊహే కాళ్లు కట్టేస్తోంది. 1999లో వచ్చిన కాలిఫోర్నియా పరిశోధనలో కాలేజీ పిల్లలతో ఇలాంటిదే చేశారు. మంచి మార్కులు వచ్చినట్టు రోజూ ఐదు నిమిషాలు ఊహించుకున్నవాళ్లకన్నా, ఎక్కడ కూర్చుని ఎలా చదువుతామో ఊహించుకున్నవాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి.

డబ్బు గురించే సూటిగా అడిగింది 2023లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన. కోరుకుంటే వచ్చేస్తుందని గట్టిగా నమ్మేవాళ్లు రిస్కు ఎక్కువున్న పెట్టుబడుల వైపు మొగ్గుతున్నారని, వాళ్లలో దివాలా తీసినవాళ్లు ఎక్కువగా ఉన్నారని తేలింది. నమ్మకం వల్లే దివాలా తీశారని దాని అర్థం కాదు, దివాలా తీశాకే ఆ నమ్మకంలో పడి ఉండొచ్చు. ఎటు చూసినా క్లాసు ఫ్లెక్సీలో వేసుకోదగ్గ ఫలితమైతే కాదు.

ఎటింగెన్ చెప్పే పద్ధతి ఉచితం. కోరిక రాయండి, తీరితే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఊహించుకోండి. వెంటనే మీలో ఉన్న అడ్డంకి ఏమిటో రాయండి. అది ఎదురైతే అప్పుడేం చేస్తారో రాయండి. బట్టల కొట్టు ఆయనతో రాయిస్తే అడ్డంకి దగ్గర "మొహమాటం" అని రాశారు. పాత బాకీ తీర్చనివాళ్లు మళ్లీ అరువు అడిగితే కాదనలేరట. దాని కింద: "అడిగితే, ముందు పాత బాకీ పేజీ తెరిచి వాళ్ల ముందు పెడతాను." వర్క్‌బుక్‌లో చోటు లేనిది దీనికే. కోటీశ్వరుణ్ణి చేస్తుందని నేను చెప్పను, అరువు మాత్రం తగ్గింది.

అయితే పదిహేను వేలు ఎక్కడికి?

బయట వడ్డీ ఉన్నవాళ్లకి నా జవాబులో రెండో మాట లేదు. అసలులో కట్టేయండి. మూడు రూపాయల వడ్డీ అప్పులో 15,000 జమ చేస్తే నెలకి 450, ఏడాదికి 5,400 మిగులుతుంది. నూటికి 36 అన్నమాట, అదీ ఖాయంగా. ఇంత ఖాయమైన రాబడి ఏ బ్యాంకూ ఇవ్వదు, ఇస్తామన్నవాళ్లని నమ్మకండి. "అసలు పూర్తిగా తెచ్చినప్పుడు చూద్దాంలే" అని వడ్డీ వ్యాపారి అంటాడు. ఒప్పుకోకండి, కట్టినంతవరకు నోటు వెనక చెల్లు రాయించుకోండి. అన్నట్టు క్లాసు ఫీజు పదిహేను కూడా కాదు, 18 శాతం జీఎస్టీ కలిస్తే 17,700. మా కస్టమరు ఒకాయన బిల్లు అడిగితే "ముందు మీరు స్కార్సిటీ మైండ్‌సెట్ (డబ్బు లేదు లేదు అనుకునే ఆలోచన) నుంచి బయటికి రండి" అన్నారట. జీఎస్టీ ఆఫీసులో ఈ మాట చెల్లుతుందేమో కనుక్కుని చెప్పాలి.

అప్పు లేకపోతే పోస్టాఫీసు ఆర్డీ. 2023 అక్టోబరు నుంచి ఉన్న 6.7 శాతం లెక్కన నెలకి వెయ్యి చొప్పున ఐదేళ్లు కడితే 60,000 కాస్తా 71,000 పైచిలుకు అవుతుంది. ఒళ్లు పులకరించే అంకె కాదు, కానీ రాసిచ్చే అంకె. ఇంట్లో చదువైపోయిన పిల్లలుంటే ట్యాలీ, ఎక్సెల్ నేర్పించండి, మా ఆఫీసులో పనివాళ్లు దొరక్క చస్తున్నాం.

పదిమంది తోడు కావాలనుకునే ఆడవాళ్లకి డ్వాక్రా సంఘం ఉంది. అక్కడా నెలనెలా కూర్చుంటారు, కష్టం సుఖం చెప్పుకుంటారు. తేడా ఏమిటంటే మధ్యలో పొదుపు పుస్తకం తెరిచి ఉంటుంది, కట్టనివాళ్ల పేరు అందరి ముందూ చదువుతారు. మగవాళ్లకి ఇలాంటిది లేకపోవడం లోటే.

చీటీ వేస్తే రిజిస్టరైనదే వేయండి, అంతకన్నా చెప్పేదేం లేదు. మనీ పుస్తకాలు బుక్ ఎగ్జిబిషన్‌లో రెండు మూడొందలకి దొరుకుతాయి, క్లాసులో చెప్పేదంతా వాటిలో ఉంటుంది. "నలుగురిని చేర్పించండి, మీ ఫీజు మీకు వెనక్కి" అంటే మాత్రం పోలికే అనవసరం. మనీ సర్క్యులేషన్ స్కీముల మీద 1978 నుంచే నిషేధ చట్టం ఉంది.

ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినకపోతే 99 రూపాయల క్లాసు వరకు చూడనివ్వండి, పోయేదేం లేదు. కార్డు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి. రాత్రి పన్నెండుతో ఆఫర్ అయిపోతుందని టెన్షన్ పడుతుంటే, వచ్చే ఆదివారం క్లాసు కూడా చూడమనండి. ఆఫర్ అదే, గడువూ ఆ రాత్రి పన్నెండే.