కొత్తగా గేర్ బండి నేర్చుకునేవాళ్ళకి కాలవగట్టా, టౌనా, హైవేనా: ఏది మేలు?

మన కోనసీమలో అయినా, అటు పాలకొల్లు భీమవరం వైపు అయినా, ఇంట్లో ఎవరన్నా గేర్ బండి నేర్చుకుంటానంటే పెద్దవాళ్ళు మొదట చెప్పే మాట ఒకటే, "గట్టు మీదకి పోయి నేర్చుకో, అక్కడ ఎవరూ అడ్డం రారు" అని. కుర్రాళ్ళయితే ఇంకోటి చెప్తారు, "ఒకసారి హైవే ఎక్కిచ్చెయ్, దెబ్బకి భయం పోద్ది" అని. టౌన్ పేరెత్తితే మాత్రం ఇద్దరూ వద్దంటారు. నేను మా తమ్ముళ్ళకీ, మేనకోడలికీ, మా వీధిలో ఇంకొందరికీ వెనక కూచుని బండి నేర్పాను. నాకు తెలిసొచ్చింది ఏంటంటే ఈ వరస మొత్తం తిరగెయ్యాలి. టౌన్ ముందు, గట్టు తర్వాత, హైవే ఆఖర్న. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తప్పు చోట మొదలెట్టి, భయపడి బండి పక్కన పెట్టేసిన పిల్లల్ని చాలామందిని చూశాను, ముఖ్యంగా ఆడపిల్లల్ని.

ముందు కాయితాల సంగతి చెప్పేస్తా. గేర్ బండికి 18 ఏళ్ళు నిండాలి, ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, తీసుకోవాలి, అది 6 నెలలు పనిచేస్తుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్ళొచ్చు. అప్పటిదాకా ముందూ వెనకా ఎర్ర ఎల్ ఉండాలి, వెనక నేర్పేవాడు తప్ప వేరే ఎవర్నీ ఎక్కించుకోకూడదు. హెల్మెట్ ఐఎస్ఐ మార్కుది కొనండి, గెడ్డం కింద పట్టీ బిగించండి, వెనక కూచున్నవాళ్ళకీ ఇంకోటి. ఊళ్ళోనే కదా అని తలకి పెట్టకుండా హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక ఈ మూడింటికీ ముందు ఇంకో చోటు ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇప్పుడు ప్రతి ఊరి శివార్లోనూ వరిచేను పూడ్చి వేసిన వెంచర్ ఒకటుంటుంది, రోడ్లు వేసి హద్దురాళ్ళు పాతేసి ఉంటారు, ఇళ్ళు మాత్రం ఇంకా లేవవు. కాపలా మనిషిని ఒక మాట అడిగి అక్కడ మొదలెట్టండి. అక్కడ చెయ్యాల్సింది రౌండ్లు కొట్టడం కాదు, క్లచ్ ఒక్కటే. ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలేటర్ అసలు ముట్టుకోకుండా, క్లచ్‌ని కొంచెం కొంచెంగా వదలాలి. ఒకచోటికి వచ్చేసరికి ఇంజిన్ శబ్దం బరువెక్కి బండి దానంతట అదే మెల్లగా కదులుద్ది. వేళ్ళు అక్కడ ఆపెయ్యాలి, రెండు బార్ల దూరం కదిలాక మళ్ళీ క్లచ్ పట్టేసి కాలు కింద పెట్టాలి. వందో నూటపాతికో సీసీ బండి అయితే చదును నేల మీద యాక్సిలేటర్ లేకుండానే నడుస్తుంది. ఇది ఎడమ చేతికి అలవాటయ్యేదాకా రోడ్డెక్కొద్దు. ఎందుకంటే కొత్తలో వచ్చే భయంలో సగం "బండి నా చేతిలోంచి దూకేస్తుందేమో" అన్నదే, క్లచ్ ఎక్కడ పడుతుందో చేతికి తెలిస్తే ఆ భయం దానంతట అదే పోద్ది.

సరే, టౌన్ ఎందుకు ముందు? టౌన్ అంటే సాయంత్రం ఆరింటికి అమలాపురం గడియారస్తంభం సెంటర్‌లోకో, భీమవరం ప్రకాశం చౌక్‌లోకో వెళ్ళమని కాదు. తెల్లారాక ఏడు లోపు, పాలవాళ్ళూ టిఫిన్ బళ్ళవాళ్ళూ మాత్రమే తిరిగే టైములో. ఆ వేళ ఒక కిలోమీటరు వీధుల్లో తిరిగితే ఎన్నిసార్లు ఆగుతారో, ఎన్నిసార్లు ఫస్ట్ నుంచి సెకండ్‌కి వేస్తారో, ఎన్ని మలుపులు తిప్పుతారో చూడండి, గట్టు మీద పది కిలోమీటర్లు వెళ్ళినా అంత పని పడదు, అక్కడ టాప్ గేర్ వేసేసి కూచోడమే కదా. బండి చేతికి రావడం అంటే స్పీడ్‌గా వెళ్ళడం కాదండి, నెమ్మదిగా వెళ్ళగలగడం. యాభైలో ఎవరైనా వెళ్తారు, చక్రాలు తిరుగుతుంటే బండి దానంతట అదే నిలబడుద్ది. నడిచే మనిషి వెనకాల నడక స్పీడ్‌లో కాలు దించకుండా వెళ్ళమనండి, అప్పుడు తెలుస్తుంది. దానికి క్లచ్ సగం వదిలి, యాక్సిలేటర్ కొద్దిగా ఇచ్చి, కుడికాలితో వెనక బ్రేక్ కొంచెం అదిమిపెట్టి ఉంచాలి, ముందు బ్రేక్ జోలికి పోకూడదు. చూపు ముందు చక్రం మీద కాదు, ఎటు వెళ్ళాలో అటు. యూ టర్న్ కూడా ఇంతే, మెడ తిప్పి వెనక్కి ఎక్కడికి చేరాలో అక్కడ చూస్తే బండి తిరుగుద్ది, పక్కనున్న గోడని చూస్తే గోడ దగ్గరికే పోద్ది.

మన డెల్టా అంతా పళ్ళెంలా చదును, కాబట్టి వాలు మీద బండి ఆపి మళ్ళీ లేపడం మనవాళ్ళకి ఎక్కడా అలవాటవ్వదు, ఒక్క కాలవ వంతెనల దగ్గర తప్ప. ప్రతి టౌన్లోనూ కాలవ మీద వంతెన ఉంటుంది, ఎక్కేచోట ఏటవాలు ఉంటుంది, సరిగ్గా అక్కడే ట్రాఫిక్ ఆగుద్ది. మా మేనకోడలు బాగా ఇబ్బంది పడింది అక్కడే, ముందు ఆటో ఆగింది, తను ఆగింది, మళ్ళీ కదలబోతే బండి వెనక్కి జారడం, కంగారులో క్లచ్ టక్కున వదలడం, ఇంజిన్ ఆగిపోవడం, వెనకోళ్ళు హారన్లు. మర్నాడు ఏడు లోపే అదే వంతెన దగ్గరికి వెళ్ళి వరసపెట్టి ఆపుతూ లేపుతూ ఉన్నాం. కుడికాలు వెనక బ్రేక్ మీద, ఎడమకాలు నేల మీద, క్లచ్ వదులుతూ ఇంజిన్ బరువెక్కిందని తెలిసేదాకా బ్రేక్ వదలొద్దు, బండి ముందుకి లాగుతున్నట్టు అనిపించాక అప్పుడు బ్రేక్ వదలాలి. ఒక పొద్దుటికే వచ్చేసింది. ఇంజిన్ ఆగితే హారన్ కొట్టేవాళ్ళు కొట్టనీ, క్లచ్ పట్టి, అద్దంలో చూసి, సెల్ఫ్ నొక్కి, నిదానంగా కదలండి, ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు.

టౌన్లో అసలు ప్రమాదం షేర్ ఆటోలతో. వాటి వెనక వెళ్తుంటే ఆటోని చూడ్డం కాదు, ఎడం పక్క రోడ్డు వారగా చెయ్యెత్తిన మనిషిని చూడాలి. ఆ మనిషి చెయ్యి లేచిందంటే ఆటో సిగ్నల్ లేకుండా ఎడమకి కోసుకుపోయి ఆగిపోద్ది, ఇది రాసిపెట్టుకోండి. ఆగి ఉన్న కారు పక్కనుంచి వెళ్ళేటప్పుడు తలుపు తెరుచుకునేంత జాగా వదలండి.

ఇప్పుడు గట్టు. గట్టు రోడ్లంటే నాకు ప్రాణం, బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల మీదుగా రావులపాలెం వైపు కాలవ పక్కనే వస్తుంటే ఆ చల్లగాలికి ఎవరికైనా ఇంకో నాలుగు కిలోమీటర్లు వెళ్ళాలనిపిస్తుంది. కానీ కొత్తవాళ్ళకి గట్టు మొదటి బడి కాదు, ఇది ఎంతమందికి చెప్పినా వినరు. చాలా గట్లు సన్నం, ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంలో చేలు, తప్పు చేస్తే దిద్దుకునే జాగా లేదు. కాలవ భయంతో కళ్ళు కాలవ మీదకే పోతాయి, కళ్ళు ఎటు పోతే బండి అటే. పైగా ఖాళీ రోడ్డు కదా అని తెలీకుండానే స్పీడ్ యాభై దాటుద్ది, అప్పుడు ఎదురుగా ఆర్టీసీ బస్సో కొబ్బరికాయల లారీయో వస్తుంది.

అప్పుడు కొత్తవాళ్ళు చేసే పని ఒకటే, మార్జిన్‌లోకి దిగిపోయి ఆగడం. ఎక్కువమంది పడిపోయేది అక్కడే, అదీ ఆగేటప్పుడు. తారు అంచు కన్నా మట్టి కింద ఉంటుంది, ఎడమకాలు దించితే నేల అందదు, బండి ఒరగడం మొదలెడితే ఇక ఎవరి బలమూ చాలదు. కాబట్టి బస్సు దూరంగా ఉండగానే స్పీడ్ తగ్గించి, తారు అంచు మీదే ఆగి, కాలు కూడా తారు మీదే పెట్టండి. బస్సువాడు సర్దుకుని వెళ్తాడు.

ఇంకా గట్టుకి కాలాలున్నాయి. సార్వా, అంటే వానాకాలం పంటకి, నాట్ల ముందు చేను దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కి బంకమట్టి ముద్దలు ముద్దలుగా పరిచి వెళ్తాయి, దాని మీద వాన చినుకు పడిందా, నడవడమే కష్టం, బండి సంగతి చెప్పక్కర్లేదు. సార్వా కోతలు అయ్యాక నవంబరు డిసెంబర్లలో, దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాక ఏప్రిల్ ఆ ప్రాంతంలో, సగం రోడ్డు ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్ళు పెడతారు, రాత్రి బరకాలు కప్పేస్తే ఆ రాళ్ళు హెడ్‌లైట్‌కి దగ్గరకొచ్చేదాకా కనపడవు. రైతుకి కల్లం లేక అక్కడ పోసుకుంటున్నాడు, ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆ నెలల్లో చీకటి పడ్డాక కొత్తవాళ్ళు గట్టు ఎక్కకుండా ఉంటే చాలు. గింజలు టైరు కింద దొర్లుతాయి, వాటి మీద ముందు బ్రేక్ గట్టిగా పట్టారా, హ్యాండిల్ తిరిగిపోద్ది. ముందే నెమ్మదించి, బ్రేక్ వదిలేసి, నిటారుగా దాటెయ్యడమే. భీమవరం ఆకివీడు వైపు అయితే చేపల లారీలు నీళ్ళు కారుస్తూ వెళ్తాయి, ఎండాకాలం కూడా మలుపులో రోడ్డు తడిగా ఉంటుంది. గేదెలు అడ్డం వస్తే వాటి ముందునుంచి కాకుండా వెనకనుంచి వెళ్ళాలి, అదీ ఒక గేదె దాటాక దాని దూడ రాలేదని చూసుకుని.

ఇవన్నీ చెప్పి గట్టు వద్దనడం లేదు. టౌన్లో నెమ్మదిగా తోలడం వచ్చాక గట్టుకి రండి, ముందు చూపు పెరగడానికి అంత మంచి చోటు లేదు. ఎదర మలుపులో ఏముంది, ఆ తూము దగ్గర పిల్లలు ఈత కొడుతున్నారా, ఆ మట్టిదారిలోంచి ట్రాక్టర్ వస్తోందా, ఇవన్నీ గమనించడం అక్కడే అలవాటవుద్ది.

బ్రేకుల సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. ముందు బ్రేక్ పడితే పల్టీ కొడతారని మన ఊళ్ళల్లో ఒక నమ్మకం ఉంది, దాంతో జీవితాంతం వెనక బ్రేక్ మీదే తోలేవాళ్ళున్నారు. బ్రేక్ పట్టగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, కాబట్టి పొడి తారు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. టక్కున లాక్కోకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కాలి, వెనకది కూడా కలిపి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బళ్ళకి సీబీఎస్ (ఒక బ్రేక్ పడితే రెండు చక్రాలకీ పట్టేది), అంతకన్నా పెద్దవాటికి ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి చేశారు, పాత బండి మీద నేర్చుకునేవాళ్ళకి ఆ సాయం ఉండదు కాబట్టి చేతికే అలవాటు చెయ్యాలి. వెంచర్ రోడ్డు మీద ముప్పైలో వెళ్తూ గీత గీసినచోట ఆపడం రోజూ కొంతసేపు చెయ్యండి.

హైవే గురించి ఎక్కువ చెప్పను. "భయం పోద్ది" అన్నమాట నిజమే, కానీ భయం పోవడం వేరు, చెయ్యి రావడం వేరు. గంటకి 40లో బండి సెకనుకి 11 మీటర్లు వెళ్తే, 80లో 22 మీటర్లు వెళ్తుంది. బ్రేక్ పట్టాక ఆగే దూరం మాత్రం రెట్టింపు కాదు, నాలుగింతలు. రావులపాలెం తణుకు మీదుగా వెళ్ళే 16వ నంబరు హైవేకి మధ్యలో డివైడర్ ఉంది, ఎదురొచ్చే లారీ బాధ తక్కువ అనుకుంటాం, కానీ రాంగ్ రూట్లో బళ్ళు వస్తూనే ఉంటాయి. కత్తిపూడి నుంచి మన అమలాపురం, రాజోలు మీదుగా ఒంగోలు వెళ్ళే 216 అయితే చాలాచోట్ల డివైడరే లేదు, ఓవర్‌టేక్ చేసే కారు మన మీదకే వస్తుంది. పెద్ద లారీ దాటేటప్పుడు గాలి ముందు బయటికి నెట్టి తర్వాత లోపలికి లాగుతుంది, అప్పుడు హ్యాండిల్ బిగించి పట్టుకోకూడదు, భుజాలు వదులుగా ఉంచి మోకాళ్ళతో ట్యాంకు పట్టుకోవాలి. చించినాడ వంతెన లాంటి చోట ఏటిగాలి అడ్డంగా కొడుతుంది, అదీ ఇంతే. ఈ పని తెలియాలంటే ముందు బండి గురించి ఆలోచించే అవసరం ఉండకూడదు, గేర్లు వాటంతట అవే పడుతుండాలి. అందుకే ఆఖర్న అంటున్నా. మొదటిసారి ఆదివారం పొద్దున్నే, ఎడమ వారగా, ఒంటరిగా కాకుండా తోడుగా ఇంకో బండి వెనక వస్తుండగా వెళ్ళండి, రాత్రిపూట మాత్రం ఇంకొన్ని నెలలు వద్దు.

గోదారి మధ్యలో ఉండే లంక ఊళ్ళవాళ్ళు అడుగుతారు, మాకు దగ్గర్లో టౌనే లేదు, గట్టు తప్ప దిక్కు లేదు ఎలా అని. అలాంటప్పుడు మీ ఊరి లోపలి వీధులే టౌన్ అనుకోండి, సంత జరిగే రోజు పొద్దున్నే సంతవీధిలో తిరగండి, రామాలయం చుట్టూ ఎడమకీ కుడికీ మార్చి మార్చి తిప్పండి, గట్టు మీద ఆపడం లేపడమే చెయ్యండి, దూరాలు వద్దు. సఖినేటిపల్లి రేవులోనో కోటిపల్లి రేవులోనో పంటు, అంటే ఏరు దాటించే పడవ, ఎక్కించాల్సి వస్తే మొదట్లో కూచుని ఎక్కించకండి. దిగి, బండికి ఎడం పక్క నిలబడి, ఫస్ట్ గేర్లో క్లచ్ కొంచెం కొంచెం వదులుతూ పక్కనే నడిచి ఎక్కించండి, పైకి వెళ్ళాక ఇంజిన్ ఆపి, గేర్లో ఉంచి, సైడ్ స్టాండ్ వేసి, ఏరు దాటేదాకా హ్యాండిల్ పట్టుకునే నిలబడండి.