జాగ్రత్త: "లైనక్స్ వేసి ఇస్తాం, అచ్చం విండోస్ లాగే ఉంటుంది" అంటే డబ్బు కట్టేముందు ఇవి చూడండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో కనీసం 8వ తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 (భద్రతా చిప్) అడుగుతుంది. అందుకే 4 నుంచి 7వ తరం వరకు ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్ వేసి అమ్మడం పెరిగింది. ఆ యంత్రాలు చెడ్డవేం కాదు. లైనక్సూ చెడ్డది కాదు. కొన్నవాళ్లు దెబ్బతినేది దానిమీద ఏ డెస్క్‌టాప్ వేశారో అడగకపోవడం వల్ల.

విండోస్‌లో స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ అన్నీ ఒకే రకం. లైనక్స్‌లో ఆ పైభాగం, అంటే మెనూ, ప్యానెల్, ఫైళ్ల కిటికీ, సెట్టింగ్స్ అన్నీ కలిపి, వేరే సాఫ్ట్‌వేర్. దాన్నే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, సిన్నమన్, మాటే (MATE), ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఇలా చాలా ఉన్నాయి. లైనక్స్‌లోనే ఉబుంటు, మింట్ లాంటి రకాలున్నాయి. "ఉబుంటు ఉంది" అన్న మాటతో సగం సంగతే తెలుస్తుంది. మామూలు ఉబుంటు 17.10 నుంచి గ్నోమ్‌తో వస్తోంది. అదే ఉబుంటు ఎక్స్‌ఎఫ్‌సీఈతో వస్తే జుబుంటు, ఎల్‌ఎక్స్‌క్యూటీతో వస్తే లుబుంటు, ప్లాస్మాతో వస్తే కుబుంటు.

ఎక్కువమంది ఇరుక్కునేది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్, గ్నోమ్ మూడూ కలిసినచోట. దుకాణంలో ఆన్ చేసి చూపిస్తే అంతా చక్కగా కదులుతుంది, ఎందుకంటే ఏ ప్రోగ్రామూ తెరిచి ఉండదు. గ్నోమ్ ఖాళీగా ఉన్నప్పుడే సుమారు ఒక జీబీకి పైగా పట్టేస్తుంది. ఇంటికి తెచ్చి ఫైర్‌ఫాక్స్‌లో పది ట్యాబులు, ఒక వీడియో, పక్కన లిబ్రెఆఫీస్ తెరిస్తే ర్యామ్ నిండిపోతుంది. మిగిలినదాన్ని సిస్టమ్ స్వాప్‌లోకి, అంటే డిస్క్‌లో ర్యామ్‌కి బదులుగా వాడే చోటులోకి, నెడుతుంది. తిరిగే హార్డ్‌డిస్క్ మీద అది నత్తనడక. మౌస్ ఆగి ఆగి కదులుతుంది, డిస్క్ లైటు ఆరదు. "లైనక్స్ ఇంతే" అనుకుని వదిలేసేవాళ్లలో చాలామంది బాధ నిజానికి ఇదే.

దీన్ని దుకాణంలోనే పట్టుకోవచ్చు. సిస్టమ్ మానిటర్ తెరిచి రిసోర్సెస్ పేజీ కనబడేలా పెట్టండి. బ్రౌజర్‌లో మీరు రోజూ వాడే సైట్లు పది తెరవండి, ఒక వీడియో నడపండి, పది నిమిషాలు వదిలేయండి. స్వాప్ అంకె సున్నా దాటి పెరుగుతూ పోతుంటే ఆ ర్యామ్‌కి ఆ డెస్క్‌టాప్ సరిపోదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ కొన్ని వందల ఎంబీ మిగులుస్తాయి. కానీ బ్రౌజర్ ఆకలి ఎక్కడైనా ఒకటే, కాబట్టి డెస్క్‌టాప్ మార్చినంత మాత్రాన 4 జీబీ 8 జీబీ అయిపోదు. మా సలహా: ముందు హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), తర్వాత 8 జీబీ ర్యామ్, ఆ తర్వాతే డెస్క్‌టాప్ మార్పు. ర్యామ్ పెంచాలంటే ఖాళీ స్లాట్ ఉందో లేదో, కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉందో అడగండి. 4, 5 తరాల్లో సాధారణంగా డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ ఉంటుంది. డీడీఆర్4 ర్యామ్ అందులో దూరదు.

తెర సైజు కూడా చూడండి. ఈ పాతవాటిలో చాలావరకు 1366×768 తెరలే. ఉబుంటు గ్నోమ్‌లో లావుపాటి టైటిల్‌బార్లు, పైన పట్టీ, ఎడమ పక్క ఐకాన్ల వరుస (డాక్) కలిసి అందులో చాలా చోటు తినేస్తాయి. అలాంటి తెరకు ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా మాటే నయం.

ఇక "అచ్చం విండోస్ 11" ముస్తాబు. అది పైపూత మాత్రమే. ఎక్కువగా ప్లాస్మా మీద థీమ్, ఐకాన్లు తొడుగుతారు. అప్‌డేట్‌లు వచ్చాక కొన్ని ముక్కలు విరిగిపోతే బాగుచేసేవాళ్లుండరు. దీనికి అదనంగా డబ్బు అడిగితే ఇవ్వకండి. మింట్, ఉబుంటు, కుబుంటు ఏవైనా ఉచితంగానే దొరుకుతాయి. విండోస్ లాగా కనిపించినంత మాత్రాన విండోస్ ప్రోగ్రాములు నడుస్తాయనుకోవద్దు. ట్యాలీ వాడేవాళ్లు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు, పని మొత్తం విండోస్ మీదే ఉంటే ఈ ల్యాప్‌టాప్ వైపు వెళ్లకపోవడమే మంచిది.

తెలుగు టైపింగ్ దగ్గర డెస్క్‌టాప్‌కి డెస్క్‌టాప్‌కి నిజమైన తేడా ఉంది. దుకాణంలో దీన్ని ఎవరూ చూపించరు. గ్నోమ్‌లో ఐబస్ (వేరే భాషలు టైపు చేయించే సాఫ్ట్‌వేర్) లోపలే కలిసి ఉంటుంది. సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు చేర్చి, సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ)తో స్పేస్ నొక్కితే మారుతుంది. యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లు కావాలంటే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఇన్‌పుట్ మెథడ్ టూల్‌లో ఐబస్‌ను ఎంచుకోవడం అదనపు అడుగు. ప్లాస్మాలో వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి) సెషన్ అయితే కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డ్ పేజీలో ఐబస్ లేదా అలాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్5ను ఎంచుకోవాలి. లేకపోతే ఒక ప్రోగ్రాములో తెలుగు పడుతుంది, పక్కదాంట్లో ఇంగ్లిష్ అక్షరాలే వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ (ప్రామాణిక తెలుగు కీబోర్డ్ అమరిక) వచ్చినవాళ్లకు ఈ గొడవ లేదు. మామూలు కీబోర్డ్ లేఅవుట్ల జాబితాలోనే తెలుగు ఉంటుంది, ఐబస్ లేకుండానే పనిచేస్తుంది. అక్షరాల బదులు డబ్బాలు కనబడితే నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంట్ లేదన్నమాట. స్త్రీ, జ్ఞానం, లక్ష్మి టైపు చేసి ఒత్తులు సరిగా పడుతున్నాయో చూడండి.

వెర్షన్ కూడా అడగండి. ఉబుంటు 20.04 మామూలు మద్దతు 2025లోనే అయిపోయింది, అయినా పాత పెన్‌డ్రైవ్‌తో అదే వేసి ఇచ్చేవాళ్లున్నారు. 22.04కి 2027 వరకు, 24.04కి 2029 వరకు ఉంది. జుబుంటు, లుబుంటు, కుబుంటు ఎల్‌టీఎస్‌లకు (దీర్ఘకాల మద్దతు వెర్షన్లకు) మాత్రం మూడేళ్లే. మింట్ 22 వరుస 2029 వరకు నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 8 జీబీ ఉంటే మింట్ సిన్నమన్, 4 జీబీ అయితే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ మేము ధైర్యంగా చెబుతాం.

వీలైతే మీ పెన్‌డ్రైవ్ మీరే తీసుకెళ్లండి. 8 జీబీది చాలు, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో మింట్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దానిమీద రాయండి. ఆన్ చేయగానే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి దాని నుంచి బూట్ చేస్తే డిస్క్‌ను ముట్టుకోకుండానే వైఫై, శబ్దం, బ్రైట్‌నెస్ కీలు, కెమెరా, మూత వేసి తీస్తే మేల్కొనడం అన్నీ తేలిపోతాయి. పెన్‌డ్రైవ్ మీద నెమ్మదిగా ఉండటం సహజం, వేగాన్ని దానితో కొలవకండి.

ఉన్న గ్నోమ్ పక్కనే ప్లాస్మా కూడా వేసి "రెండూ వాడుకోండి" అంటే ఒప్పుకోవద్దు. రెండు రకాల సెట్టింగ్స్, రెండు పాస్‌వర్డ్ పెట్టెలు, మెనూ నిండా ఒకే పనికి రెండేసి ప్రోగ్రాములు మిగులుతాయి. శుభ్రంగా తీసేయడం కష్టం. కావలసిన డెస్క్‌టాప్‌తో వచ్చిన ఐఎస్‌ఓతో మొదటి నుంచి వేయించండి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ మీ చేత్తోనే పెట్టండి. ఆ పాస్‌వర్డ్ తెలియకపోతే కొత్త ప్రోగ్రాము కూడా వేసుకోలేరు. బిల్లు మీద "లైనక్స్" అని ఊరికే కాకుండా ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సైజు, లైనక్స్ పేరు, వెర్షన్, డెస్క్‌టాప్ పేరు, తిరిగి ఇవ్వడానికి ఎన్ని రోజుల గడువో రాయించుకోండి.