పశువుల పాక దోమతెర: రాత్రికి సరే, పగలు కట్టకపోతే దండగ

రెండు ఆవులు, ఒక గేదె ఉన్న చిన్న పాక మాది. ఊళ్లో లంపీ (పశువుల ఒళ్లంతా గడ్డలు లేచే వైరస్ జబ్బు) వచ్చిన వారానికే తొలిచూలు ఆవు మెడ మీద ఉసిరికాయంత గడ్డలు లేచాయి. ఆ టెన్షన్‌లో టౌనుకెళ్లి 2,400 పెట్టి ఈ తెర కొన్నా. షాపాయన "పొద్దుగూకే ముందు దించండి, తెల్లారాక పైకి చుట్టేయండి" అన్నాడు.

అక్కడే దెబ్బతిన్నా. దోమలకైతే ఆ లెక్క చాలావరకు సరిపోతుంది, కానీ పశువుల కాళ్లు కుట్టే ఈగ పట్టపగలే వస్తుంది. చూడ్డానికి ఇంట్లో ఈగలాగే ఉంటుంది, మూతి మాత్రం సూదిలా ముందుకి పొడుచుకొని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవు కాలు టపటపా కొట్టి తోక విసిరితే ఈగ సగం తాగి లేచిపోయి పక్కదాని మీద మిగతా సగం తాగుతుంది. మా జ్వరం ఆవు మెడ వాల్చి అలాగే నిలబడింది, ఒక్క ముంగాలి మీదే పదకొండు ఈగలు లెక్కపెట్టా, తోక కదల్లేదు. లంపీ వైరస్ ఈగ ఒంట్లో పెరగక్కర్లేదు, మూతికి అంటితే చాలు, ఒకే సూదితో అందరికీ ఇంజెక్షన్ వేసినట్టే. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ ఇన్‌స్టిట్యూట్ ప్రయోగంలో కూడా గడ్డలు లేచిన దూడల మీద వాలిన దోమలకీ ఈగలకీ వైరస్ బాగా అంటింది, గడ్డలు లేనివాటి నుంచి చాలా తక్కువ.

అందుకే మూడో రోజు నుంచి తెర పాకంతా కాకుండా జబ్బు ఆవు చుట్టూనే, రాత్రీ పగలూ కట్టా. మధ్యాహ్నం లోపల ఉక్క, టేబుల్ ఫ్యాన్ పెట్టాల్సొచ్చింది. పాక వెనక ఉచ్చలో నాని కుళ్లిన గడ్డి కూడా ఎత్తి పారేశా, ఆ ఈగ గుడ్లు పెట్టేది అందులోనే, అది ఉంచుకొని తెర కడితే ఏం లాభం.

ఇక తెర సంగతి. అల్లిక బాగుంది, దోమ దూరదు. మూల కొక్కేలు మాత్రం ఒంటికుట్టు, ఆవు కొమ్ము రుద్దిన పూటే రెండు ఊడాయి. మార్చమంటే షాపాయన మార్చలేదు, నేనే దబ్బనంతో కుట్టుకున్నా. కింద బరువు లేదు, ఇటుకలు పెట్టా.

రెండో ఆవుకి రెండు గడ్డలు వచ్చాయి. ఆ మొదటి రెండు పగళ్ల వల్లేనా అంటే చెప్పలేను, నా అనుమానం మాత్రం అదే. 5కి 3. కొనేటప్పుడు కొక్కేలు గట్టిగా లాగి చూడండి.