రాసుకుని ర్యాపా, అప్పటికప్పుడు ఫ్రీస్టైలా?

ఖర్చులో తేడా లేదు: ఫోను, ఇయర్‌ఫోన్లు, ఒక నోట్‌బుక్. బీటు 80 బీపీఎం (నిమిషానికి 80 దెబ్బలు) అయితే చాలు.

రాయడం: 16 బార్లు (బారంటే దాదాపు ఒక లైను), బారుకు 4 దెబ్బలు, ఆ వేగంలో 48 సెకన్లు. ముందు 4 బార్లే రాయండి. కాగితం మీద బాగున్న లైను నోట్లో ఇరుక్కుంటే, అక్షరాలు కిక్కిరిసి ఊపిరికి చోటు లేదన్నమాట. ప్రతి రెండో బారులో చివరి దెబ్బ ఖాళీగా వదలండి. ఇంకో చిక్కు: మన వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది. 'వచ్చిన, తెచ్చిన, ఇచ్చిన' ప్రాసకు ఉత్తగనే దొరుకుతాయి, నాలుగో లైనుకే విసుగొస్తుంది. పేర్లను చివరికి జరపండి, వరంగల్ చోట్లతో ఇలా:

పొద్దుగాల్నే ఎక్కిన భద్రకాళి కట్ట
మాపటికి చూసిన పద్మాక్షి గుట్ట

ఫ్రీస్టైల్: ప్రాస ఊసు వద్దు. కంటికి కనిపించేవి ఒక నిమిషం లయలో చెప్పండి, ఆగొద్దు. రికార్డు చేసి వింటే 'అరే', 'అంటే' ఎక్కడెక్కడ దూరుతున్నాయో తెలుస్తుంది. రాయకుండా ఇదొక్కటే చేస్తే అవే పది మాటలు తిరుగుతాయి.

పాట రికార్డు చేయాలనుకుంటే, నలుగురిలో బిడియమైతే రాయడమే. డప్పు దరువు చెవిన పడుతూ పెరిగి, దోస్తులతో కట్ట మీద కూర్చునేవాళ్లకు ఫ్రీస్టైల్. బారులో 2వ, 4వ దెబ్బలకు చప్పట్లే కలవకపోతే రెండూ ఆపి, ముందు ఆ చప్పట్లు సరిచేసుకోండి.