‘బేబీ ఫ్రెండ్లీ’ బాలి ప్యాకేజీ కొనే ముందు: చంటిపిల్లల తల్లిదండ్రులకు జాగ్రత్త హెచ్చరిక

హైదరాబాద్‌లో ఏడాదిలోపు పిల్లలున్న దంపతులకు ‘బేబీ ఫ్రెండ్లీ’ అనే ముద్ర వేసి ఇండోనేషియాలోని బాలి దీవి ప్యాకేజీలు అంటగడుతున్న ట్రావెల్స్ సంస్థలు ఉన్నాయి. అలాంటి ఒక సంస్థ దగ్గర ప్యాకేజీ కొని, తొమ్మిది నెలలు దాటిన పాపతో వెళ్లివచ్చిన మేము, అదే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులు డబ్బు కట్టకముందే తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ రాస్తున్నాం. వ్యవహారం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. బాలి మీద మాకు ఏ కోపమూ లేదు. అక్కడివారు పసిపిల్లలంటే ప్రాణం పెడతారు; హోటల్ వంటవారు అడగకుండానే పాపకు అన్నం మెత్తగా ఉడికించి తెచ్చిపెట్టారు. కొత్త దంపతుల కోసం తయారుచేసిన హనీమూన్ ప్యాకేజీనే అట్ట మార్చి పసిబిడ్డలున్న కుటుంబానికి అమ్మడం మీదనే మా ఫిర్యాదంతా.

డబ్బు కట్టేముందే మేము వాట్సాప్‌లో అడిగిన ప్రశ్నలు, వారు ఇచ్చిన సమాధానాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. విమానంలో ఉయ్యాల తొట్టి ఉంటుందా, గదిలో పిల్లల మంచం ఉంటుందా, కారులో పిల్లల సీటు ఇస్తారా, బీమాలో పాప పేరు ఉంటుందా అని విడివిడిగా అడిగితే, అన్నిటికీ కలిపి వచ్చిన జవాబు ఒక్కటే: “సార్, బేబీ విషయంలో టెన్షనే వద్దు, అంతా మేం చూసుకుంటాం.” ప్రయాణానికి ముందు రోజు రాత్రి చేతికందిన హోటల్ వోచర్‌లో ‘ఇద్దరు పెద్దలు’ అని మాత్రమే ఉంది. పాప వస్తున్నట్టు హోటల్‌కు ఎవరూ తెలియజేయలేదన్న సంగతి అక్కడ దిగాకే బయటపడింది.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది విమాన టికెట్లు. శంషాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి బాలికి మరొక టికెట్, రెండూ వేర్వేరు పీఎన్నార్‌లతో కొన్నారు. ప్యాకేజీ ప్రకటనలో ‘ఒక స్టాప్’ అని రాసిన ప్రయాణం నిజానికి ఒకదానితో మరొకదానికి సంబంధం లేని రెండు ప్రయాణాలన్నమాట. ఇలా కొన్నప్పుడు మధ్యలో ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చి, సామాను తీసుకుని, మళ్లీ కౌంటర్‌లో వేయాలి; మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే ఆ నష్టానికి ఏ విమాన సంస్థా బాధ్యత వహించదు. పైగా మలేషియాలోకి అడుగుపెట్టాలంటే చంకలో ఉన్న బిడ్డతో సహా ప్రతి ఒక్కరి పేరు మీదా డిజిటల్ అరైవల్ కార్డు ముందుగా నింపి ఉండాలి. ఈ మాట మాకు చెప్పినవారు లేరు. తెల్లవారుజామున ఇమిగ్రేషన్ వరుస పక్కన స్ట్రోలర్ మీద కాగితాలు పెట్టుకుని, ఏడుస్తున్న పాపను నా భార్య భుజాన వేసుకుని తిరుగుతుండగా, పాప పాస్‌పోర్టు నంబరును ఫోన్‌లో తప్పులు లేకుండా కొట్టడానికి నేను పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు.

ఉయ్యాల తొట్టి మాట కూడా అంతే. అది సాధారణంగా పెద్ద విమానాల్లో, ముందు గోడకు ఎదురుగా ఉండే సీట్ల దగ్గర మాత్రమే బిగిస్తారు. ముందుగా విమాన సంస్థకు చెప్పి ఖరారు చేసుకోవాలి, బిడ్డ బరువు చాలా సంస్థల్లో 10, 11 కిలోలు దాటకూడదు. మాకు కొన్నది చవక ధరల సంస్థ నడిపే చిన్న విమానం; అందులో తొట్టి బిగించే ఏర్పాటే లేదు. లేనిదానికి కూడా ‘అంతా మేం చూసుకుంటాం’ అని సమాధానం ఇచ్చారంటే, వారు విమాన సంస్థను కనీసం అడగను కూడా లేదని అర్థం. రెండేళ్లలోపు పిల్లలు ఒళ్లో కూర్చునే ప్రయాణికులు కాబట్టి వారికి విడిగా సీటు ఉండదు. తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే మాత్రం వచ్చేటప్పుడు సీటు కొనక తప్పదు. ఇటువంటి మాటలు అమ్మేవారు తమంతట తాము చెప్పరు.

ఇక బస సంగతి. బాలిలోని డెన్‌పసార్ విమానాశ్రయం నుంచి మా బస ఉన్న ఉబుద్ ఊరికి దూరం 40 కిలోమీటర్ల లోపే అయినా, అక్కడి రద్దీలో ఆ దారికి గంటన్నరకు పైగానే పడుతుంది. ఆ గంటన్నరా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకునే వెళ్లాం, పిల్లల సీటు సంగతి డ్రైవర్‌కు తెలియనే తెలియదు. మాకు ఇచ్చినది ఫొటోల్లో అందరూ మెచ్చుకునే ‘ప్రైవేట్ పూల్ విల్లా’. పడకగది అద్దాల తలుపు జరిపితే నాలుగు అడుగుల అవతల ఈతకొలను, దానికి కంచె లేదు, కాపలా లేదు, తలుపుకు లోపలి గడియ సరిగ్గా పడదు. అప్పుడప్పుడే పాకడం నేర్చిన బిడ్డ నేల మీద వదిలితే నేరుగా మెరిసే నీటివైపే వెళ్తుంది. చివరికి సోఫాను ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టి, పరుపు నేల మీద వేసుకుని, ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకుని ఉన్నాం. కొలను లేని గది ఇమ్మని అడిగితే హోటల్‌వారు మర్యాదగానే ఒప్పుకున్నారు గానీ, బుకింగ్ మార్చే అధికారం ట్రావెల్స్‌వారిదే అన్నారు; ట్రావెల్స్‌వారు ‘సీజన్‌లో కుదరదు’ అని చేతులు దులుపుకున్నారు. పసిపిల్లలున్నవారు ‘ప్రైవేట్ పూల్’ అన్న మాట చూస్తే అది సౌకర్యం కాదు, ప్రమాదమని గుర్తించండి.

కార్యక్రమ పట్టిక చూసిన ఎవరికైనా ఇది పసిబిడ్డ కోసం వేసినది కాదని తెలిసిపోతుంది. నుసా పెనిడా దీవికి స్పీడ్ బోటు, అక్కడ గతుకుల దారులు, కెలింగ్‌కింగ్ కొండ అంచున నిటారు మెట్లు. లెంపుయాంగ్ గుడి ద్వారం దగ్గర ఒక్క ఫొటో కోసం గంటల తరబడి వరుస. ఉబుద్ కోతుల వనం. బాలిలో 2008 నుంచి రేబిస్ వ్యాధి ఉంది. చేతిలో బిస్కెట్ పట్టుకున్న బిడ్డను ఎత్తుకుని కోతుల మధ్యకు వెళ్లమనడం ఏ లెక్కన ‘బేబీ ఫ్రెండ్లీ’ అవుతుందో వారికే తెలియాలి. వెళ్లకుండా మానేసిన వాటికి డబ్బు తిరిగి రాదు. ఉబుద్ కాలిబాటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అక్కడక్కడా పలకలు లేచి ఉంటాయి; ఇక్కడి నుంచి మోసుకెళ్లిన స్ట్రోలర్ గదిలోనే ఉండిపోయింది.

పాపకు విరేచనాలు పట్టుకున్నప్పుడు అసలు విషయం బయటపడింది. బాలిలో కుళాయి నీరు తాగడానికి పనికిరాదు, సీసా నీరే వాడాలి; మేము పాలసీసాలు కూడా కాచిన నీటితోనే కడిగాం, అయినా పట్టుకుంది. ఉబుద్‌లోని క్లినిక్‌లో డాక్టర్ ఓపికగా చూశారు. హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆ రాత్రి అక్కరకు వచ్చాయి. బిల్లు కోసం బీమా పత్రం తెరిస్తే అందులో మా ఇద్దరి పేర్లే ఉన్నాయి, పాప పేరు లేదు. ప్రయాణ బీమా పాలసీల్లో బిడ్డకు కనీస వయసు నిబంధన ఉంటుంది. కొన్నింట్లో మూడు నెలలు, కొన్నింట్లో ఆరు. మా పాపకు ఆ వయసు దాటింది, అయినా చేర్చలేదు. ‘ఇన్సూరెన్స్ ఇంక్లూడెడ్’ అని ప్యాకేజీలో రాసి ఉంటే, పాలసీ పీడీఎఫ్ తెప్పించుకుని బిడ్డ పేరు, పుట్టిన తేదీ అందులో కళ్లారా చూసేదాకా ఆ మాటను నమ్మకండి. టీకాల విషయం కూడా మీ పిల్లల డాక్టర్‌తో ముందుగానే మాట్లాడుకోండి. మన జాతీయ టీకాల పట్టికలో మీజిల్స్–రుబెల్లా మొదటి మోతాదు 9 నెలలు నిండాకే వస్తుంది కాబట్టి, అంతకన్నా చిన్న బిడ్డతో వెళ్లేవారికి ఈ సంభాషణ మరీ అవసరం.

‘బేబీకి ఫ్రీ’ అన్నది మరో మాయ. ఇండోనేషియాలో వీసా ఆన్ అరైవల్ రుసుము 5,00,000 రుపియా పసిబిడ్డకూ కట్టాలి. మన పాస్‌పోర్టు కార్యాలయంలో బిడ్డకు సొంత పాస్‌పోర్టు తీసుకోవాలి, దానికి ముందు జీహెచ్ఎంసీ జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు చేర్పించి ఉండాలి. ఆసుపత్రి నుంచి నమోదైన పత్రంలో పేరు ఖాళీగా ఉండడం మన ఊళ్లో మామూలే.

మరి ఎక్కడికి వెళ్లాలని అడిగేవారికి నా అభిప్రాయం చెబుతాను. ఏడాదిలోపు బిడ్డతో వెళ్లేటప్పుడు చూడవలసినది అందమైన సముద్రతీరం కాదు. శంషాబాద్ నుంచి నేరుగా విమానం, దిగాక గదికి తక్కువ దూరం, చదునైన కాలిబాట, దగ్గరలో పిల్లల ఆసుపత్రి. ఈ లెక్కన సింగపూర్‌ను మించినది నాకు కనిపించలేదు: సుమారు నాలుగున్నర గంటల ప్రయాణం, కుళాయి నీరు తాగవచ్చు, మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి. ఖర్చు ఎక్కువ, వీసా ముందుగా తీసుకోవాలి, నిజమే. దుబాయ్ నవంబరు నుంచి మార్చి వరకే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో పసిబిడ్డతో మాల్ తప్ప ఇంకేమీ చూడలేరు. ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు, అప్పుడు సముద్రం కూడా ఉధృతంగా ఉంటుంది. మన వేసవి సెలవుల్లో ‘ఆఫర్’ పేరుతో అమ్మేది ఆ కాలమే. మాల్దీవుల్లో రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్లు (నీటి మీద దిగే చిన్న విమానాలు) పగటిపూట మాత్రమే ఎగురుతాయి, సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గరే బస చేయాలి. కొన్ని రిసార్టులు పిల్లలను అసలు రానివ్వవు. స్విట్జర్లాండ్ ప్యాకేజీల్లో తప్పనిసరిగా ఉండే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే కొండ మీది రైల్వే స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తు; అంత ఎత్తుకు రైల్లో చకచకా ఎక్కించడం పసిబిడ్డకు తగినదేనా అన్నది డాక్టర్‌నే అడగాలి, ఏజెంట్‌ను కాదు.

డబ్బు దగ్గర కూడా జాగ్రత్త పడాలి. మమ్మల్ని అడ్వాన్సు ఒక ఉద్యోగి సొంత యూపీఐ ఖాతాకు వేయమన్నారు; మేము ఒప్పుకోకుండా సంస్థ ఖాతాకే కార్డుతో కట్టాం, ఈ రోజు మాకున్న గట్టి ఆధారం ఆ రసీదే. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణలో నమోదైనదైతే అది 36తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే సంస్థ అసలు పేరు కనపడుతుంది. విదేశీ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ (అమ్మేవారు మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మీ పాన్ పేరున జమ అయి, ఆదాయపు పన్ను పోర్టల్‌లోని మీ పన్ను జమ వివరాల్లో కనిపించాలి. అది కనిపించకపోతే మీ దగ్గర వసూలు చేసిన సొమ్ము ప్రభుత్వానికి చేరలేదేమో అని అనుమానించవలసిందే. హోటల్‌కు, విమాన సంస్థకు మీరే నేరుగా మెయిల్ రాసి, బిడ్డ వయసు చెప్పి, మంచం, తొట్టి వంటివి ఉన్నాయో లేవో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మేము ఇప్పుడు చేస్తున్నది అదే.

ఇప్పటికే మోసపోయినవారు ముందు 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే ఈ–జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు, వివాదానికి కారణం తలెత్తినప్పటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. వాట్సాప్ సంభాషణలను స్క్రీన్‌షాట్లతో వదిలేయకుండా మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి. హోటల్ గది ఫొటోలు, క్లినిక్ బిల్లులు, బోర్డింగ్ పాసులు పారేయకండి.

మా విషయంలో హెల్ప్‌లైన్ ఫిర్యాదు తర్వాత సంస్థ ముందుకు తెచ్చిన ప్రతిపాదన ఏమిటంటే, వచ్చే ఏడాది వారి దగ్గరే కొనే మరో విదేశీ ప్యాకేజీలో మినహాయించుకునే క్రెడిట్ నోట్. దాన్ని మేము తిరస్కరించి కమిషన్‌కు వెళ్లాం.