అమీర్‌పేటలో బ్రౌజర్ సెక్యూరిటీ క్లాస్, వెళ్ళొచ్చా?

మైత్రీవనం వెనక సందులో రెండు ఆదివారాలు బ్రౌజర్ మెమరీ బగ్స్ మీద క్లాస్‌కి వెళ్ళా, కట్టిన ఫీజుకి న్యాయం జరిగింది. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే ప్రోగ్రామ్ వదిలేసిన మెమరీనే మళ్ళీ వాడే తప్పు, నాకు ఏళ్ళుగా బుర్రకెక్కలేదు, సార్ ఒక్క ఉదాహరణతో తేల్చేశారు, హాస్టల్ గది ఖాళీ చేశావ్ కానీ పాత తాళంచెవి నీ దగ్గరే ఉండిపోయింది, ఈలోపు ఇంకొకడు దిగి వాడి సామాన్లు సర్దుకున్నాడు, నువ్వేమో నా గదే కదా అని తలుపు తీసి లోపల ఏదుంటే అది వాడేస్తావ్, అటాకర్‌కి కావాల్సింది అదే. తర్వాత ఇదే తప్పున్న చిన్న సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ రన్ చేస్తే కిక్కురుమనకుండా నడిచింది, దాన్నే అడ్రస్ శానిటైజర్ అనే, మెమరీ తప్పులు పట్టే టూల్‌తో కంపైల్ చేస్తే ఎర్రగా ఎర్రర్! ఎక్కడ ఫ్రీ చేశామో, ఎక్కడ మళ్ళీ ముట్టుకున్నామో లైన్ నంబర్లతో సహా చూపించింది, నాకు ఒళ్ళు జలదరించింది.

క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం ప్రాజెక్ట్ వాళ్ళ 2020 లెక్కలో సీరియస్ సెక్యూరిటీ బగ్స్‌లో దాదాపు 70 శాతం మెమరీవేనట, వాటిలో సగం ఈ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ రకమే. 2023లో వెబ్‌పీ ఇమేజ్ లైబ్రరీలో బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన మెమరీ హద్దు దాటి రాసేయడం) బయటపడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అర్జెంటుగా ప్యాచ్ ఇచ్చాయి. వీటి నుంచి కాపాడే శాండ్‌బాక్స్ (పేజీ కోడ్‌ని మిగతా సిస్టమ్ ముట్టుకోకుండా కట్టడి చేయడం), సైట్ ఐసొలేషన్ (ఒక్కో సైట్‌ని వేరే ప్రాసెస్‌లో నడపడం), ఫైర్‌ఫాక్స్‌లో రస్ట్ (ఇలాంటి మెమరీ తప్పులు చాలావరకు రానివ్వని భాష) కోడ్ ఇవన్నీ బాగా చెప్పారు.

జావాస్క్రిప్ట్ జిట్ (నడుస్తుండగానే కోడ్‌ని మెషిన్ కోడ్‌గా మార్చే భాగం) మాత్రం చివరి అరగంటలో పరుగెత్తించేశారు, అది అన్యాయం, దానికే ఒక రోజు పెట్టాలి. ఏసీ కూడా సరిగ్గా లేదు. సి పాయింటర్లు వచ్చినవాళ్ళే వెళ్ళండి. ఇంటికొచ్చాక మా నాన్నగారి ఫోన్‌లో క్రోమ్ చూస్తే నెలల తరబడి అప్డేట్ లేదు, ముందు ఆ పని చేశా.